పాత ఎల్‌పీల పెట్టె: కడుగుడు డైరీ

పని ఇదీ

చేతికొచ్చిన ఒక పెట్టెడు పాత ఎల్‌పీలను (ముల్లుతో వాయించే వినైల్ రికార్డులను) వినదగ్గ స్థితికి తేవాలి. అంతకంటే ముఖ్యంగా, ఏది బాగుపడుతుంది, ఏది ఎంత కడిగినా ఇంతే అన్నది వీలైనంత ముందుగా పసిగట్టే పద్ధతి కావాలి. పాత రికార్డు అంటే చిటపటలు ఉండాల్సిందేనని చాలామంది అనుకుంటారు. కొందరికి అదే ముచ్చట. నాకు కాదు. వాటిని చేసే వినైల్ ప్లాస్టిక్ స్వతహాగా చప్పుడు చేయని పదార్థం. 1948లో కొలంబియా కంపెనీ ఎల్‌పీని బయటికి తెచ్చినప్పుడు లక్క రికార్డుల గరగర తగ్గడం కూడా దాని ఆకర్షణల్లో ఒకటి. అలాంటిదాని మీద చప్పుడు వినిపిస్తోందంటే కారణం వెతకాల్సిందే.

వేరు చేయడం

మామూలు వెలుతురులో రికార్డులన్నీ ఒకేలా నల్లగా మెరుస్తాయి. గది దీపం ఆర్పేసి, చిన్న టార్చిని రికార్డుకు దాదాపు సమాంతరంగా పట్టుకుని తిప్పుతూ చూస్తే ఒక్కోదాని చరిత్ర బయటపడుతుంది. పైపైన నూగు, కాగితం కవరు వదిలిన పీచు, ఎవరివో వేలిముద్రలు, బూజు చుక్కలు, గీతలు. వీటిలో వేలిముద్రలే మొండివి. అది ఎండిన చర్మపు నూనె. ఏళ్ల తరబడి దుమ్ము దాని మీద అతుక్కుని గట్టిపడి ఉంటుంది, పొడి బ్రష్‌కు కదలదు.

కవర్లోంచి తీస్తూ పెడుతూ ఉంటే పడే సన్నటి గీతలు చూడ్డానికి భయపెడతాయి గానీ అవి పాటను మోసే సన్నటి గాళ్ల పైఅంచుల మీదే ఉండిపోతాయి, చాలాసార్లు వినపడవు. గోరు మెల్లగా జరిపితే తగిలే గీత మాత్రం కచ్చితంగా వినపడుతుంది. అలాంటివి ఒక పక్కన పెట్టాను. బూజు పట్టినవి ఇంకో పక్కన, అదీ గది బయట. బూజును పొడి బ్రష్‌తో దులిపితే ఆ రజను గాల్లోకి లేచి ఊపిరిలోకీ, మిగతా రికార్డుల మీదకీ పోతుంది. వాటిని మాస్క్ వేసుకుని ముందు తడిపి, తర్వాతే తుడవాలి.

చప్పుడును చదవడం

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే పనికొచ్చిన సంఖ్య 1.8. ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. టక్కుమనే శబ్దం సరిగ్గా ఆ వ్యవధిలో మళ్లీ మళ్లీ వస్తుంటే అది గాళ్లకు అడ్డంగా పడ్డ గీత. కడిగితే పోదు. 45 చుట్ల రికార్డుకైతే అదే వ్యవధి 1.33 సెకన్లు. లయ లేకుండా అక్కడక్కడా చిటపటలాడితే దుమ్ము గానీ స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్ చార్జి) గానీ కావచ్చు, ఆశ ఉంది. గొంతు పెద్దదైన చోట, లేదా వాయిద్యాలన్నీ ఒక్కసారిగా లేచిన చోట మాత్రమే బొంగురుగా చీలినట్టు వినిపిస్తే గాడి గోడలు అరిగాయి. ఎప్పుడో బరువైన టోన్‌ఆర్మ్ (ముల్లును మోసే చేయి) కిందో, మొండిబారిన ముల్లు కిందో నలిగి ఉంటుంది.

అరుగుదల చాలావరకు లేబుల్ దగ్గరి పాటల్లోనే ముందు తెలుస్తుంది. బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది. లోపలికి చేరేసరికి అది 21 దాకా పడిపోతుంది. అదే సంగీతం సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కుంటుంది కాబట్టి అక్కడి మెలికలు బిగువుగా ఉంటాయి, ముల్లుకు కష్టం, గోడకూ కష్టం.

ఇంకో పరీక్ష మోనో రికార్డులకు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చేవాటికి. యాంప్లిఫయర్‌లో మోనో బటన్ నొక్కితే చప్పుడు గణనీయంగా తగ్గుతుంది. మోనో గాడిలో సంగీతం పక్కలకే కదులుతుంది. ముల్లు పైకీ కిందికీ కదిలితే అది రెండు చానళ్లలో ఎదురెదురుగా పడుతుంది, కలిపేస్తే కొట్టుకుపోతుంది. గాడి అడుగున కూర్చున్న దుమ్ము ముల్లును ఎత్తిపడేస్తుంది కాబట్టి అలా తగ్గేదంతా ఆ రకం చప్పుడే. 1931లో బ్రిటిష్ ఇంజనీరు ఆలన్ బ్లమ్‌లైన్ వేసిన స్టీరియో పేటెంట్‌లో ఉన్న, రెండు గోడల మీద రెండు చానళ్లు రాసే ఆలోచనకు ఇది తిరగేసిన ఉపయోగం. రికార్డు కడిగే వాళ్లు ఈ బటన్‌ను ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

ముందూ వెనకా కొలత

చెవిని పూర్తిగా నమ్మను. గంట కష్టపడి కడిగిన రికార్డు బాగానే వినిపిస్తుంది, కష్టపడ్డాం కదా. అందుకని ప్రతి రికార్డుకీ ముందు మొదటి నిమిషం మాత్రం 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కడిగాక, లెవెల్ కదపకుండా, అదే నిమిషం మళ్లీ. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు ట్రాకులూ ఒకదాని కింద ఒకటి పెడితే సంగీతం మొదలవకముందున్న ఖాళీ గాడి అంతా చెబుతుంది. చిటపట్లు సన్నటి నిలువు గీతల్లా లేచి కనిపిస్తాయి, చూసి లెక్కపెట్టుకోవచ్చు.

మురికి రికార్డు మీద ముల్లు పెట్టడం నాకు ఇష్టముండదు. ముల్లు మోపే బరువు 2 గ్రాములే అయినా అది ఆనే చోటు కొన్ని మైక్రాన్లే, అక్కడి ఒత్తిడి విపరీతం. గట్టి ఇసుక రేణువు మధ్యలో దొరికితే గోడలోకి దిగుతుంది. అందుకే ఈ మొదటి రికార్డింగ్ పొడి బ్రష్ వేశాకే, ఒక్క నిమిషమే, దాని కోసమే ఉంచిన సాదా గుండ్రటి ముల్లుతో.

ద్రవం

గాడి పై వెడల్పు సుమారు 50 మైక్రాన్లు, తల వెంట్రుక కంటే సన్నం. 20 నిమిషాల వైపు ఒకదానిలో ఆ గాడిని సాగదీస్తే 400 మీటర్లు దాటుతుంది. అంత పొడవునా అడుగు దాకా ద్రవం దిగాలి. ఉత్త నీళ్లు దిగవు. వినైల్ నీటిని తోసేస్తుంది, పోయగానే చుక్కలుగా ముడుచుకుని గాళ్ల మీద వంతెనలా కూర్చుంటుంది. సర్ఫాక్టెంట్ కలిపితే ఆ తలతన్యత తగ్గి పల్చగా పరుచుకుంటుంది. నేను వాడింది ఫొటో ఫిల్ములు కడిగేటప్పుడు ఆఖర్లో కలిపే తడిపే మందు, లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు కొన్ని చుక్కలు. ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం కాదు, ఎక్కువ నురగ.

కుళాయి నీళ్లు వద్దు. ఎండాక అందులోని కాల్షియం లవణాలు గాడిలోనే ఉండిపోతాయి. గిన్నెలు తోమే సబ్బు ద్రవం కూడా వద్దు. వాసన, రంగు, చేతులు మెత్తగా ఉంచే పదార్థాలు అన్నీ కలిసి ఒక పొరగా మిగులుతాయి.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మీద వాదనలకు అంతు లేదు. జిడ్డును బాగా వదిలిస్తుంది, త్వరగా ఆరుతుంది. పల్చగా కలిపి కాసేపు తగిలితే వినైల్‌కు ఏమీ కాదనే వాళ్లే ఎక్కువ. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో మాత్రం అది లేదు, టెర్జిటాల్ అనే సర్ఫాక్టెంట్, శుద్ధమైన నీళ్లు, అంతే. నేను మొండి వేలిముద్రల మీద మాత్రం చేత్తో, కొద్దిగా వాడుతున్నాను. వాక్యూమ్ దగ్గరికి మాత్రం రానివ్వను. మండే ఆవిరినీ మోటారు నిప్పురవ్వలనూ ఒకే డబ్బాలో కలపడం తెలివైన పని కాదు.

చేత్తో కడగడం

మొదటి విడత ఇలా: లేబుల్ మీద ప్లాస్టిక్ మూత బిగించి, ద్రవం పోసి, మెత్తటి సన్నటి నైలాన్ పోగుల బ్రష్‌తో గాడి వెంట గుండ్రంగా తిప్పి, మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి, స్టాండ్‌లో నిలబెట్టి ఆరనివ్వడం. అడ్డంగా ఎప్పుడూ తుడవకూడదు.

ఫలితాలు విచిత్రంగా వచ్చాయి. నూగు, వేలిముద్రలు ఉన్నవి బాగుపడ్డాయి. కానీ కొన్నింటిలో చిటపట పెరిగింది. కంప్యూటర్ తెర మీద కూడా నిలువు గీతలు చిక్కబడ్డాయి, అంటే ఊహ కాదు. వాటినే మళ్లీ వాయించి ముల్లు కొనను భూతద్దంలో చూస్తే బూడిద రంగు ముద్ద. గాడి అడుగున గట్టిగా అతుక్కుని ఉన్న మురికిని ద్రవం నానబెట్టి లేపింది. గుడ్డ పైపైన తడినే పీల్చింది, లోపలి తడి అక్కడే ఆరింది. నీళ్లు ఆవిరైపోయాయి, వాటిలో కరిగినదీ తేలినదీ అంతా మళ్లీ గోడల మీద, ఈసారి సమానంగా పరుచుకుని, స్థిరపడింది.

అక్కడి నుంచి ప్రాజెక్టు దిశ మారింది. ఏ ద్రవం మంచిది, ఏ బ్రష్ మంచిది అనే చర్చల మీద నాకు ఆసక్తి పోయింది. మురికిని లేపడం సులువు. ఆరకముందే ఆ మురికి నీటిని గాడిలోంచి బయటికి లాగడమే కష్టం, ఇక బుర్ర పెట్టాల్సింది దాని మీదే.

లాగే గొట్టం

దుకాణాల్లో దొరికే వాక్యూమ్ క్లీనింగ్ మెషీన్లు చేసేది ఇదే. రికార్డు తిరుగుతుంటే మఖమలు అంచున్న సన్నటి చీలిక ఒకటి తడిని పీల్చేస్తుంది. తడీ పొడీ రెండూ లాగే వాక్యూమ్ ఇంట్లో ఉంటే మిగతాది కట్టుకోవచ్చు.

గొట్టానికి గట్టి ప్లాస్టిక్ పైపు ముక్క. ఒక కొన మూసేసి, పక్కన పొడుగ్గా ఒక చీలిక కోశాను. చీలిక పొడవు ఊరికే పెట్టింది కాదు. ఎల్‌పీలో సంగీతం ఉన్న భాగం కేంద్రం నుంచి 146 మిల్లీమీటర్ల దగ్గర మొదలై దాదాపు 60 దగ్గర ఆగుతుంది. కాబట్టి 86 మిల్లీమీటర్లు. అంతకంటే పొడవైతే బయటి అంచు దాటి గాలి లాగుతూ బలం పోగొట్టుకుంటుంది, లేదా లేబుల్‌ను తడుపుతుంది. వెడల్పు మూడు మిల్లీమీటర్లకు మించకూడదు. సన్నగా ఉంటేనే గాలి వేగంగా దూసుకెళుతుంది, గాడిలోంచి నీటిని ఎత్తేది ఆ వేగమే. చీలిక అంచులను ఆకురాయితో నున్నగా చేసి, రెండు వైపులా అతికించే మఖమలు పట్టీలు వేశాను. ప్లాస్టిక్ రికార్డును ఎప్పుడూ తాకకూడదు, తాకేది మఖమలే.

తిప్పడానికి బేరింగు మీద తిరిగే గుండ్రటి చెక్క. వాయించే టర్న్‌టేబుల్ మీద ఈ పని పెట్టుకోను. గొట్టం అదుముడుకు దాని బేరింగు, బెల్టు పాడవుతాయి, పైగా తడి. చెక్క మీద రబ్బరు చాప, మధ్యలో ఇరుసు, లేబుల్‌కు 100 మిల్లీమీటర్ల మూత. చేత్తోనే తిప్పుతున్నాను. మోటారు పెట్టాలని మొదట్లో ఉబలాటపడ్డాను గానీ చేత్తో తిప్పితే వేగం మన అదుపులో ఉంటుంది, మఖమలు ఎక్కడ పట్టేస్తోందో వేళ్లకు తెలుస్తుంది.

మరీ బలంగా పీలిస్తే రికార్డు గొట్టానికి అతుక్కుపోయి తిరగదు. గొట్టం మెడ దగ్గర చిన్న రంధ్రం చేసి, దాన్ని వేలితో మూస్తూ తెరుస్తూ బలం సర్దుకుంటున్నాను. చూడ్డానికి వేణువు వాయిస్తున్నట్టే ఉంటుంది, చప్పుడు మాత్రం పిండిమర.

గొట్టాలు రెండు చేశాను, ఒకటి మురికి ద్రవానికి, ఇంకొకటి కడపటి శుద్ధజలానికి. ఒకటే వాడితే మొదటి మఖమలులో చిక్కుకున్న ఇసుక రెండో విడతలో మళ్లీ రికార్డు మీదికే వస్తుంది. ఒక్కో వైపు అయ్యాక మఖమలును గట్టి బ్రష్‌తో దువ్వాలి.

వరస కుదిరింది

ఇప్పుడు చేసే పద్ధతి: పొడి బ్రష్. ద్రవం పోసి, పరిచి, రెండు మూడు నిమిషాలు నాననివ్వడం (నానబెట్టే సమయమే అసలు పనిమంతురాలు, రుద్దుడు కాదు). అటూ ఇటూ గాడి వెంట బ్రష్. మొదటి గొట్టంతో లాగడం. ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్లీ బ్రష్, రెండో గొట్టం. ఈ రెండో విడతను చాలామంది ఎగ్గొడతారు. సర్ఫాక్టెంట్ మిగిలితే అదీ ఒక పొరే, ముల్లు దాన్ని గీకి మోసుకెళుతుంది.

పీల్చడం రెండు చుట్లు చాలు. ఆరిపోయాక కూడా మఖమలు రుద్దుతూ ఉంటే రికార్డుకు స్టాటిక్ ఎక్కుతుంది, గాల్లో ఉన్న నూగునంతా అదే పిలుచుకుంటుంది.

చేత్తో కడిగినప్పుడు చప్పుడు పెరిగినవాటినే ముందు ఈ గొట్టం కింద పెట్టాను. వాక్యూమ్ డబ్బాలోకి వచ్చిన నీళ్లు టీ రంగులో ఉన్నాయి. ఖాళీ గాడిలో నిలువు గీతలు చాలావరకు పోయాయి. చెవికి తెలిసిన తేడా ఇంకోటుంది. చిటపటలు తగ్గడం కంటే ముందు, పాట వెనకాల ఉండే సన్నటి బుసబుస తగ్గింది. అది టేపు హిస్ (అసలు రికార్డింగ్ టేపులోనే ఉండే బుస) అనుకుని వదిలేసిన రికార్డుల్లో కూడా కొంత భాగం మురికేనని తేలింది.

బాగుపడనివి కూడా ముందే ఊహించినవే. 1.8 సెకన్ల టక్కు ఎక్కడికీ పోలేదు. పెద్ద స్వరాల దగ్గర చీలుడు తగ్గలేదు సరికదా, చుట్టూ చప్పుడు పోయేసరికి ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది. అలాంటి కొన్నింటికి ముల్లు మార్చడం పనిచేసింది. గుండ్రటి కొన గోడను ఒక ఎత్తులో తాకుతుంది, అండాకారపు కొన ఇంకో చోట, లైన్ కాంటాక్ట్ రకం మరింత పొడవునా. పాత ముల్లు అరగదీయని చోటు దొరికితే అక్కడి శబ్దం తాజాగా ఉంటుంది. అన్నిసార్లూ దొరకదు.

బూజు రికార్డులు మధ్యరకం. మచ్చలు కంటికి పూర్తిగా పోయినా ఆ చోట మెత్తటి గరగర కొంత మిగిలింది. మళ్లీ కడిగినా అంతే, అక్కడ ఆపేశాను.

ప్రయత్నించినవి, వదిలేసినవి

చెక్క జిగురు పద్ధతి ఒక పనికిరాని రికార్డు మీద చేసి చూశాను. తెల్ల జిగురును మందంగా పరిచి, పూర్తిగా పారదర్శకం అయ్యేదాకా ఆరనిచ్చి, తోలు ఒలిచినట్టు ఒలిచేయడం. మురికి నిజంగానే జిగురు పొరలో వచ్చేస్తుంది, మురికి బయటికి రావాలి అన్న లెక్క ప్రకారం ఇదీ సరైనదే. కానీ ఎక్కడైనా పల్చగా పడితే చిరిగి ముక్క గాడిలో ఉండిపోతుంది, ఒలిచినప్పుడు స్టాటిక్ భయంకరంగా వస్తుంది, ఒక్కో వైపుకీ రాత్రంతా పడుతుంది. పెట్టెడు రికార్డులకు ఇది పద్ధతి కాదు.

అల్ట్రాసోనిక్ తొట్టె మీద మనసుంది. 40 కిలోహెర్ట్జ్ తరంగాలకు నీళ్లలో సూక్ష్మమైన బుడగలు పుట్టి పగులుతూ బ్రష్ దూరనిచోట కూడా మురికిని వదిలిస్తాయి. అయితే నడుస్తున్నకొద్దీ నీళ్లు వేడెక్కుతాయి, వేడి వినైల్‌కు శత్రువు, వంకర పోతుంది. పైగా తొట్టె కూడా లేపడమే చేస్తుంది. తీసేసరికి రికార్డుకు అంటుకుని వచ్చేది మురికి నీళ్లే కాబట్టి ఆఖర్న మళ్లీ ఈ గొట్టమే కావాలి. తొందరేం లేదు.

వాయించే రోజు పనులు

కడిగింది నిలబడాలంటే రోజువారీ జాగ్రత్త కావాలి. కార్బన్ ఫైబర్ బ్రష్ ప్రతిసారీ. దాని పోగులు పది మైక్రాన్లలోపే, విద్యుత్తును ప్రవహింపజేస్తాయి. బ్రష్‌లో లోహపు భాగాన్ని వేలితో పట్టుకుంటేనే ఆ చార్జి మన ఒంట్లోంచి దిగిపోతుంది, ప్లాస్టిక్ పిడి పట్టుకుని తుడిస్తే దుమ్ము అటు నుంచి ఇటు జరుగుతుందంతే. గాలి మరీ పొడిగా ఉన్న రోజుల్లో స్టాటిక్ గన్ కూడా తీస్తాను. ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కి నెమ్మదిగా వదలాలి. నొక్కేటప్పుడు ఒక రకం అయాన్లు, వదిలేటప్పుడు రెండో రకం. టక్కున క్లిక్ వినపడితే వేగం ఎక్కువైనట్టు.

ముల్లును వెనక నుంచి ముందుకే తుడవాలి, రికార్డు తిరిగే దిశలోనే. పక్కలకు తగిలితే కాంటిలివర్ (ముల్లు కొనను పట్టుకునే సన్నటి కడ్డీ) వంగుతుంది. ఆల్కహాల్ దానికి వాడను, కొనను అతికించిన జిగురు సంగతి ఎవరికి తెలుసు. జెల్ ముద్ద మీద మెల్లగా దించి ఎత్తితే చాలు. కడిగిన రికార్డు ఒక వైపు పూర్తిగా వాయించాక ముల్లు మీద ఏమీ లేకపోవడం నా పాస్ మార్కు. బూడిద కనిపిస్తే ఆ రికార్డు మళ్లీ గొట్టం కిందకు.

పాత కాగితం లోపలి కవర్లలో మళ్లీ పెట్టడం లేదు, పీచు రాలేది అక్కడి నుంచే. పాలిథిలీన్‌వి వాడుతున్నాను. మెత్తటి పీవీసీ కవర్లు అసలొద్దు. వాటిలోని మెత్తబరిచే రసాయనం ఏళ్ల మీద రికార్డుకు ఎక్కి పొగమంచులా మసక తెస్తుంది, అది కడిగినా పోదు. నిలువుగానే పెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, వాలనివ్వకూడదు. తడి పూర్తిగా ఆరిందో లేదో అనుమానం ఉంటే ఇంకో అరగంట స్టాండ్‌లోనే. లోపల చెమ్మ మిగిలితే బూజును మళ్లీ మనమే పెంచినట్టు.

మిగిలినవి

పెట్టె అడుగున కొన్ని 78 చుట్ల రికార్డులు బయటపడ్డాయి. అవి వినైల్ కావు. లక్కలో ఖనిజపు పొడి కలిపి చేసినవి, ఆల్కహాల్ తగిలితే లక్క కరిగిపోతుంది. కాబట్టి ఆల్కహాల్ సీసా ఆ బల్ల మీదే ఉండదు. సర్ఫాక్టెంట్ నీళ్లు, చాలా తక్కువసేపు, వెంటనే పీల్చేయడం. గాడి వెడల్పు ఎక్కువ కాబట్టి ముల్లు కూడా వేరే, సుమారు 76 మైక్రాన్ల కొనది. ఎల్‌పీ ముల్లు పెడితే అడుగున పొర్లుతూ గరగర తప్ప ఏమీ చదవదు. అంచులు పెళుసుగా ఉన్నాయి, ఒకదానికి సన్నటి పగులు. పగిలినదాన్ని తడపను, నీళ్లు పగుల్లోకి దిగితే విప్పుకుంటుంది.

వాటికి గొట్టం చీలిక సరిపోదు. సంగీతం ఉన్న భాగం కొలతలు రికార్డుకో రకంగా ఉన్నాయి, 10 అంగుళాలవే ఎక్కువ. కాబట్టి పొట్టి చీలికతో మూడో గొట్టం కోయాలి. పైపు ముక్క ఉంది, మఖమలు తెప్పించాలి.